చుక్కల రెక్కల దోమ – సర్ రోనాల్డ్ రాస్

వరి నారుమడిలో ఊదగడ్డి మొలకలు కలిసిపోయినప్పుడు కొత్తగా సేద్యానికి దిగినవాడు వాటిని ఏరివేయలేడు. రెండింటి ఆకులూ పచ్చగానే ఉంటాయి; రెండూ ఒకే ఎత్తున పెరుగుతాయి. పైరు ఎదిగి వెన్ను తీసిన తరువాత గాని ఏది వరియో, ఏది కలుపో అతనికి నిస్సంశయంగా తేలదు. కీటక ప్రపంచంలో ఈ చిక్కు మరింత జటిలమైనది. అక్కడ పిల్లకూ తల్లికీ పోలికే ఉండదు. దగ్గరి బంధుత్వం గల భిన్నజాతుల పిల్లలు మాత్రం కవలల వలె కనిపిస్తాయి. పిల్లను చూసి జాతిని నిర్ణయించబోయినవాడు మోసపోవడానికి అవకాశం ఎక్కువ. ఈ చిక్కు కేవలం శాస్త్రజ్ఞుల కుతూహలానికి సంబంధించినది కాదు. లక్షలాది మనుషుల ప్రాణాలు దీనిపై ఆధారపడిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. ఆ చిక్కుతో సంవత్సరాల తరబడి పెనుగులాడి, చివరకు మన సికింద్రాబాదులో విజయం సాధించినవాడు సర్ రోనాల్డ్ రాస్.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ భారతదేశంలోని ఆంగ్లేయ సైన్యంలో అధికారి. తరువాత సేనానాయకుని స్థాయికి ఎదిగాడు. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల ప్రాయంలో చదువు కోసం అతనిని ఇంగ్లండుకు పంపారు. బాల్యం నుండి అతని మనస్సు కవిత్వం మీద, సంగీతం మీద, చిత్రలేఖనం మీద, గణితం మీద లగ్నమై ఉండేది. రచయితగానో, చిత్రకారుడిగానో జీవించాలని అతడు ఆశించాడు. కాని కుమారుడు వైద్యుడై భారతదేశంలో ఉద్యోగం చేయాలన్నది తండ్రి సంకల్పం. పితృవాక్యాన్ని కాదనలేక 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలకు అనుబంధంగా ఉన్న కళాశాలలో చేరాడు. ఇష్టం లేని చదువు కావడం వల్ల అందులో అతడు పెద్దగా రాణించలేదు. ఒక పరీక్షలో తప్పాడు. కొంతకాలం ఓడల్లో వైద్యుడిగా పనిచేశాడు. ఎట్టకేలకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు ఎంపికై భారతదేశానికి తిరిగి వచ్చాడు.

మద్రాసు రాజధానిలోను, బర్మాలోను, అండమాన్ దీవుల్లోను ఆయన కొలువు సాగింది. తీరిక వేళల్లో నవలలు రాసేవాడు; గణిత సమస్యలతో కాలక్షేపం చేసేవాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. ఆయన నివసించే బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. కారణం వెదకగా, కిటికీ దగ్గర ఉన్న నీటి తొట్టిలో లెక్కలేనన్ని దోమపిల్లలు కదలాడుతూ కనిపించాయి. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గిపోయాయి. దోమను చంపడానికి దాని పసితనమే అనువైన దశ అన్న సత్యం ఆనాడే ఆయన మనస్సులో నాటుకొంది. అయితే అది ఏ జాతి దోమ, అన్ని దోమలూ ఒకటేనా అన్న ప్రశ్నలు మాత్రం ఆనాడు ఆయనకు తట్టలేదు.

ఆ రోజుల్లో మలేరియా ప్రపంచాన్ని పట్టి పీడిస్తుండేది. చలిజ్వరం, విడువని జ్వరం, ఉబ్బిన ప్లీహం, పాలిపోయిన శరీరం – వ్యాధి లక్షణాలు అందరికీ తెలిసినవే. అది ఎలా సంక్రమిస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల నుండి వెలువడే చెడుగాలి వల్ల వస్తుందని ప్రజలు తరతరాలుగా నమ్మేవారు. మలేరియా అన్న పేరుకు అర్థం కూడా చెడుగాలి అనే. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో సజీవమైన పరాన్నజీవులు ఉన్నాయని కనుగొన్నాడు. అవి మనిషి రక్తంలోకి ఎక్కడి నుండి వస్తున్నాయన్న ప్రశ్న అప్పటికీ మిగిలిపోయింది.

1894లో రాస్ సెలవుపై లండన్ వెళ్లాడు. అక్కడ పాట్రిక్ మాన్సన్ అనే ప్రసిద్ధ వైద్యునితో పరిచయం కలిగింది. మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవులను చూపించాడు. బోదకాలు వ్యాధికి కారణమైన పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని మాన్సన్ అంతకు పూర్వమే కనుగొని ఉన్నాడు. అందుచేత మలేరియా పరాన్నజీవి కూడా దోమలోనే పెరుగుతుందని ఆయన ఊహించాడు. దోమ నీటిలో పడి చనిపోగా, ఆ నీటిని తాగినవారికి వ్యాధి సోకుతుందన్నది ఆయన ఊహలోని రెండవ భాగం. ఈ రెండవ భాగం పొరపాటని తరువాత తేలింది. అయినప్పటికీ మొదటి భాగం రాస్ జీవితాన్నే మలుపు తిప్పింది. అంతవరకు ఇష్టం లేని వృత్తిలో కాలం గడిపిన మనిషి, ఎట్టకేలకు జీవితధ్యేయాన్ని కనుగొన్నాడు.

1895లో రాస్ సికింద్రాబాదు దండులోని బేగంపేటకు చేరి పరిశోధన ప్రారంభించాడు. ఆయన పద్ధతి చూడడానికి సులభమైనది. మలేరియా రోగిని దోమలచేత కుట్టించాలి; ఆ దోమలను కోసి, వాటి శరీరంలో పరాన్నజీవి ఏమవుతున్నదో పరిశీలించాలి. ఇందులో ఒక మెలకువ అవసరం. బయట పట్టిన దోమ అంతకు ముందు ఎవరిని కుట్టిందో, ఏ పక్షి రక్తం తాగిందో తెలియదు. కాబట్టి పిల్లల దశలోనే తెచ్చి, సీసాల్లో పెంచిన దోమలను మాత్రమే వాడాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. ఈ నిర్ణయం శాస్త్రీయంగా ఎంతో మేలైనది. అయితే ఆయనను వేధించిన చిక్కు కూడా ఇక్కడే మొదలైంది.

దోమ జీవితం నాలుగు దశల్లో సాగుతుంది. నిలువనీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి డింభకం వెలువడుతుంది. నీటిలో మెలికలు తిరుగుతూ కనిపించే పురుగే ఈ డింభకం. అది పెరిగే క్రమంలో మూడుసార్లు చర్మం విడిచి నాలుగు అవస్థలు దాటుతుంది. నాలుగవ సారి చర్మం విడిచినప్పుడు ప్యూపాగా మారుతుంది. ప్యూపా నీటిపైననే ఉండి, ఆహారం తీసుకోకుండా, తన లోపలి శరీరాన్ని పూర్తిగా మార్చుకొంటుంది. చివరకు దాని వీపు చీలి, రెక్కలతో దోమ బయటకు వస్తుంది. మన దేశపు వేడిమిలో ఈ ప్రక్రియ అంతా సుమారు పది రోజుల్లో ముగుస్తుంది. జాతిని తెలిపే గుర్తులు చాలావరకు రెక్కలపైన, కాళ్లపైన, తొండం పక్కనుండే స్పర్శాంగాలపైన ఉంటాయి. డింభకానికి రెక్కలు లేవు, కాళ్లు లేవు. జాతిభేదాన్ని చెప్పవలసిన అక్షరాలు ఆ దశలో ఇంకా రాయబడి ఉండవన్నమాట.

రాస్ అనుచరులు కుంటల నుండి, కాలువల నుండి, తొట్ల నుండి సీసాలతో నీటిపురుగులను తెచ్చి ఇచ్చేవారు. వాటిలో ఏది ఏ దోమగా మారుతుందో ఆయనకు తెలియదు. దోమల వర్గీకరణపై సరైన గ్రంథం ఆయన వద్ద లేదు. భారతదేశపు దోమలకు అప్పటికి పేర్లే సరిగా ఏర్పడలేదు. కీటకశాస్త్రంలో ఆయనకు శిక్షణ లేదు. అందుచేత తనకు కనిపించిన దోమలకు ఆయన తానే ఇంటిపేర్లు పెట్టుకొన్నాడు. కొన్నింటిని బూడిద రంగు దోమలన్నాడు. కొన్నింటిని చారల దోమలన్నాడు. నేటి పరిభాషలో మొదటివి క్యూలెక్స్ ప్రజాతికి, రెండవవి ఏడిస్ ప్రజాతికి చెందినవి. ఆయన సీసాల్లో పెరిగినవి దాదాపు అన్నీ ఈ రెండు రకాలే. నివాసాల చుట్టుపక్కల సులభంగా దొరికేవి అవే కావడం ఇందుకు కారణం.

ఆ దోమలను మలేరియా రోగులపై వదిలి కుట్టించాడు. అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంతో తొలి ప్రయోగాలు జరిగాయి. కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి, కణం కణం వెదికాడు. దోమ పొట్టలో పరాన్నజీవి కొద్దిసేపు కదలాడేది, తరువాత మాయమయ్యేది. నెలలు గడిచాయి. ఎన్ని దోమలను కోసినా ఫలితం శూన్యం. ఆ పరాన్నజీవి ఆ దోమల్లో పెరగదని, అవి మలేరియాను మోసే జాతులు కావని ఈ రోజు మనకు తెలుసు. ఒక తలుపుకు సంబంధించిన తాళంచెవిని వేరొక తలుపులో ఎన్నిసార్లు తిప్పితే మాత్రం ఏమి ప్రయోజనం? తాళంచెవిలో లోపం లేదు; తలుపు వేరు. కాని తాను తిప్పుతున్నది వేరొక తలుపు వద్ద అని తెలుసుకోవడమే ఆనాడు కష్టమైంది.

ఇంతలో 1895 సెప్టెంబరులో ప్రభుత్వం ఆయనను కలరా నివారణ కోసం బెంగుళూరుకు బదిలీ చేసింది. పరిశోధనకు అంతరాయం కలిగింది. 1897 వేసవిలో సెలవు తీసుకొని ఉదకమండలం ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ సిగూర్ కనుమలో మలేరియా తీవ్రంగా ఉండేది. వ్యాధి రహస్యాన్ని వెదకబోయిన రాస్‌కే ఆ వ్యాధి సోకింది. క్వినైన్‌తో కోలుకొన్నాడు. ఆ కనుమలో ఆయన ఒక కొత్త దోమను గమనించాడు. తక్కిన దోమలు గోడపై వాలినప్పుడు వాటి శరీరం గోడకు సమాంతరంగా ఉంటుంది. ఈ దోమ తల వంచి, తోకను పైకెత్తి, మేకు దిగగొట్టినట్లు వాలి ఉంది. దాని రెక్కలపై నల్లని మచ్చలు ఉన్నాయి. ఇంతవరకు తాను పరీక్షించని దోమ ఇదేనని ఆయన గ్రహించాడు. తన వైఫల్యానికి కారణం పద్ధతిలో కాక, దోమల ఎంపికలో ఉందేమోనన్న అనుమానం బలపడింది.

1897 జూన్‌లో రాస్ మళ్లీ సికింద్రాబాదు వచ్చాడు. ఈసారి దోమల రకాలన్నింటినీ వేరువేరుగా పరీక్షించాలని సంకల్పించాడు. భిన్నమైన చోట్ల నుండి భిన్నమైన పురుగులను తెమ్మని అనుచరులను పురమాయించాడు. ఆ ఏడాది ఎండలు దుర్భరంగా ఉన్నాయి. పంకా వీస్తే కోసిన దోమ భాగాలు ఎగిరిపోతాయి. అందుచేత పంకా లేకుండానే పని చేసేవాడు. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. చూసే కటకం పగుళ్లిచ్చింది. చిన్న చిన్న ఈగలు కళ్లచుట్టూ ముసిరేవి. ఒక్కొక్క దోమను పూర్తిగా పరిశీలించడానికి గంటల సమయం పట్టేది. కళ్లు మసకబారేవి. అయినా ఆయన పట్టుదల సడలలేదు.

ఆగస్టు నడిమి రోజుల్లో ఆయన అనుచరుడొకడు ఒక సీసా నిండా దోమపిల్లలను తెచ్చాడు. అవి కూడా చూడడానికి నీటిపురుగులే. అంతకు ముందు తెచ్చిన వందల పురుగులకూ వీటికీ తేడాను ఎవరూ ముందుగా కనిపెట్టలేదు. మరునాడు ఉదయం సీసాలో చూడగా, పదీ పన్నెండు పెద్ద గోధుమ రంగు దోమలు పుట్టి ఉన్నాయి. వాటి రెక్కలపై చుక్కలు ఉన్నాయి. సిగూర్ కనుమలో గోడమీద చూసిన దోమకు ఇవి చుట్టాలని రాస్ వెంటనే గుర్తించాడు. పిల్ల చెప్పలేకపోయిన మాటను రెక్క చెప్పింది.

ఆగస్టు 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, ఆ దోమలను అందులోకి వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. పది దోమలు కుట్టగా, హుస్సేన్ ఖాన్‌కు పది అణాలు లభించాయి. ఆ పది అణాల కూలితో మానవజాతికి కలిగిన మేలు ఎంతటిదో అతనికి తెలిసి ఉండదు. సీసాలను నింపి తెచ్చిన అనుచరుని పేరును చరిత్ర పదిలపరచలేదు. మహావిజయాల వెనుక ఇటువంటి అజ్ఞాత వ్యక్తుల శ్రమ ఎంతో దాగి ఉంటుంది.

ఆ తరువాతి రోజుల్లో దోమలు కొన్ని చనిపోయాయి. కొన్నింటిని కోసి చూసినా ఏమీ కనిపించలేదు. ఆగస్టు 20వ తేదీ నాటికి కొద్ది దోమలే మిగిలాయి. ఆ రోజు మధ్యాహ్నం ఒక దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడను పరీక్షిస్తుండగా, గుండ్రని కణాలు కొన్ని ఆయన కంటబడ్డాయి. అటువంటి కణాలను అంతకు పూర్వం వందలాది దోమల్లో దేనిలోను చూడలేదు. వాటి లోపల నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా రోగుల రక్తంలోని పరాన్నజీవిలో కనిపించే రేణువులు అచ్చంగా అటువంటివే. మరునాడు చివరి దోమను కోశాడు. ఆ కణాలు అందులో ఇంకా పెద్దవిగా కనిపించాయి. అవి దోమలో పెరుగుతున్నాయన్నమాట! పరాన్నజీవి మనిషి నుండి దోమలోకి చేరి, అక్కడ జీవిస్తున్నదని రుజువైంది. ఆనందం పట్టలేక ఆయన ఆ సందర్భాన్ని గురించి ఒక పద్యం రచించాడు. చిన్ననాటి కవి ఆయనలో ఇంకా జీవించే ఉన్నాడు. ఆగస్టు 20వ తేదీని నేటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

ఈ విషయాన్ని రాస్ ఒక వ్యాసంగా రాయగా, 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అది అచ్చయింది. ఆ దోమ శాస్త్రీయ నామం ఆయనకు తెలియదు. తెలియని పేరును ఊహించి రాయలేదు. దాని రంగును, రెక్కలపై చుక్కలను, అది వాలే తీరును, పాతకాలపు పడవల ఆకారంలో ఉన్న దాని గుడ్లను యథాతథంగా వర్ణించాడు. పేరు తెలియనప్పుడు చూసినదాన్ని చూసినట్లు చెప్పడం శాస్త్రజ్ఞుని ధర్మం. ఆ వర్ణనను చదివినవారు ఆ దోమ అనాఫిలస్ ప్రజాతికి చెందినదని గుర్తించగలిగారు. ఆ ప్రజాతికి జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు మైగెన్ 1818లో పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దానికి నిష్ప్రయోజకమైనదని అర్థం. ఎందుకూ కొరగానిదిగా పేరు పొందిన ఆ దోమే మానవజాతికి ప్రబల శత్రువని తేలడం విచిత్రం.

విజయం చేతికందిన వేళ మళ్లీ బదిలీ వచ్చింది. మలేరియా అరుదుగా ఉండే రాజపుటానాలోని ఖేర్వారాకు ఆయనను పంపారు. మాన్సన్ ప్రయత్నాల ఫలితంగా 1898లో కలకత్తాలో పరిశోధన కొనసాగించే అవకాశం లభించింది. అక్కడ మలేరియా రోగులు తగినంతగా దొరకలేదు. అప్పుడు ఆయన పక్షుల్లో వచ్చే మలేరియాను ఎంచుకొన్నాడు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమల పెంపకంలో, పక్షులను కుట్టించడంలో ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. సికింద్రాబాదులో నిరుపయోగమని తేలిన బూడిద రంగు దోమలే పక్షుల మలేరియాను మోస్తున్నాయి! మనిషి పరాన్నజీవికి ఒక దోమ, పక్షి పరాన్నజీవికి వేరొక దోమ. ఒక జాతిలో పెరిగే పరాన్నజీవి పక్కజాతిలో నశిస్తుంది. దోమలన్నీ ఒకటే అనుకొన్నంతకాలం ఈ రహస్యం ఎవరికీ అంది ఉండేది కాదు.

1898 జూలై 4వ తేదీన పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతున్నాయని రాస్ కనుగొన్నాడు. వ్యాధి సోకిన దోమలచేత ఆరోగ్యవంతమైన పిచ్చుకలను కుట్టించగా, వాటికి మలేరియా వచ్చింది. నీటి వల్ల కాదు, కాటు వల్లనే వ్యాధి సంక్రమిస్తుందని నిర్ధారణ అయింది. అదే సంవత్సరం ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు మనుషుల మలేరియాను అనాఫిలస్ దోమలే వ్యాపింపజేస్తున్నాయని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. గ్రాస్సీ జంతుశాస్త్రంలో నిష్ణాతుడు. మలేరియా ఉన్న ప్రాంతాల దోమలను, లేని ప్రాంతాల దోమలను జాతులవారీగా పోల్చి, దోషిని పేరుతో సహా గుర్తించాడు. రాస్‌కు లేని జ్ఞానం గ్రాస్సీకి ఉంది. గ్రాస్సీ కంటే ముందే మార్గాన్ని తెరిచిన ఘనత రాస్‌కు ఉంది. దురదృష్టవశాత్తు కీర్తి విషయంలో వారిద్దరి మధ్య తీవ్రమైన వివాదం చెలరేగింది. గ్రాస్సీ పట్ల రాస్ చివరివరకు కటువుగానే ప్రవర్తించాడు. ఎంతటి మేధావికైనా అసూయను జయించడం సులభం కాదు.

1899లో రాస్ ఉద్యోగం విడిచి ఇంగ్లండు చేరి, లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకుడయ్యాడు. అదే ఏడాది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వెళ్లి, అక్కడి అనాఫిలస్ దోమల డింభకాలు ఎటువంటి నీటిలో పెరుగుతున్నాయో పరిశీలించాడు. ఇప్పుడు ఆయనకు డింభకాలను చూసే చూపు అలవడింది. క్యూలెక్స్ డింభకానికి తోక చివర శ్వాసనాళం ఉంటుంది. దాని సాయంతో అది నీటి ఉపరితలం నుండి తలకిందులుగా వేలాడుతుంది. అనాఫిలస్ డింభకానికి ఆ నాళం లేదు. అది నీటిమట్టానికి సమాంతరంగా, తేలే పుల్లముక్క వలె పడుకొని ఉంటుంది. ఈ భేదం తెలిసినవాడు నీటిగుంటను చూసిన మాత్రాన అందులో ప్రమాదం ఉన్నదీ లేనిదీ చెప్పగలడు. అప్పుడు అన్ని గుంటలనూ పూడ్చనవసరం లేదు. ఏది అవసరమో దానినే పూడ్చవచ్చు. 1902లో ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణంలో రాస్ సలహాతో దోమల పుట్టుకచోట్లను నిర్మూలించగా, అక్కడ మలేరియా అద్భుతంగా తగ్గిపోయింది.

1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో జరిగిన పరిశోధనకు లభించిన తొలి నోబెల్ బహుమతి ఇదే. 1910లో మలేరియా నివారణపై ఒక మహాగ్రంథాన్ని ప్రకటించాడు. దోమలన్నింటినీ నిర్మూలించనవసరం లేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు లోబరిస్తే వ్యాధి దానంతట అదే సన్నగిల్లుతుందని గణితసూత్రాలతో అందులో నిరూపించాడు. చిన్ననాటి గణితాభిరుచి ఆ విధంగా సార్థకమైంది. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1926లో లండన్‌లో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ ప్రారంభమైంది. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన లండన్‌లో కన్నుమూశాడు. బేగంపేటలో ఆయన పరిశోధన సాగించిన భవనం ఆయన స్మారకంగా నిలిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయన పేరుతో పరాన్నజీవశాస్త్ర సంస్థను నెలకొల్పింది.

రాస్ ఎదుర్కొన్న చిక్కు ఆయనతో ముగియలేదు. క్యూలెక్స్‌నూ అనాఫిలస్‌నూ డింభక దశలో వేరుచేయడం ఇప్పుడు విద్యార్థులకు సైతం సాధ్యమే. అయితే ఒకే అనాఫిలస్ ప్రజాతిలో నాలుగు వందలకు పైగా జాతులు ఉన్నాయి; మన దేశంలోనే సుమారు 60 జాతులు ఉన్నాయి. వాటిలో మలేరియాను ప్రధానంగా మోసేవి కొన్ని మాత్రమే. ఈ జాతుల డింభకాలను తలపైన, రొమ్ముపైన ఉండే సన్నని వెంట్రుకల అమరికను బట్టి గుర్తిస్తారు. నాలుగవ అవస్థకు చేరిన డింభకంలో గాని ఆ వెంట్రుకలు పూర్తిగా శాఖలు వేయవు. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన డింభకంలో అవి సాదాగా ఉండి ఏ సమాచారమూ ఇవ్వవు. అందుచేత నేటికీ క్షేత్రపరిశీలకులు డింభకాలను సీసాల్లో పెంచి, రెక్కలు వచ్చిన తరువాతనే జాతిని నిర్ధారిస్తారు. సికింద్రాబాదులో రాస్ అనుసరించిన పద్ధతి అదే కదా!

కొన్ని సందర్భాల్లో రెక్కలు వచ్చినా భేదం తెలియదు. మన పల్లెల్లో మలేరియాకు ప్రధాన కారణమైన అనాఫిలస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ ఒకే జాతి అని చాలాకాలం భావించారు. అది నిజానికి ఐదు సోదరజాతుల సమూహమని 1980 నాటి నుండి జరిగిన పరిశోధనల్లో తేలింది. వాటికి ఎ, బి, సి, డి, ఇ అని అక్షరాలే పేర్లు. డింభకాలూ, దోమలూ కంటికి ఒకే విధంగా ఉంటాయి. వాటిలో బి జాతి మన దేశంలో మలేరియాను మోయడంలో బలహీనమైనది. కంటికి కనిపించని ఈ భేదాన్ని క్రోమోజోముల పట్టీలను బట్టి, డి.ఎన్.ఎ. పరీక్షలను బట్టి నిర్ణయిస్తున్నారు. ఏ గ్రామంలో ఏ జాతి ఉందో తెలిస్తే గాని మందు ఎక్కడ చల్లాలో, ధనం ఎక్కడ వెచ్చించాలో తేలదు. 2012లో ఆఫ్రికాలోని జిబూటిలో మన ఆసియా ఖండపు నగరాల దోమ అనాఫిలస్ స్టీఫెన్సీ కనిపించినప్పుడు శాస్త్రజ్ఞులు కలవరపడ్డారు. నీటి తొట్లలో, ట్యాంకుల్లో పెరిగే ఆ దోమ పట్టణాలకు కొత్త ప్రమాదం తెచ్చిపెట్టగలదు. దానిని స్థానిక జాతుల నుండి సకాలంలో వేరుచేసి గుర్తించడం అక్కడి ప్రజారోగ్యశాఖలకు అత్యవసరమైన పని అయింది.

రాస్ జీవితాన్ని పరిశీలించినప్పుడు ఆయన గొప్పతనం కేవలం మేధాశక్తిలో లేదని తెలుస్తుంది. కీటకశాస్త్రం ఆయన చదవలేదు; తగిన గ్రంథాలు, పరికరాలు లేవు; అధికారుల ఆదరణ అంతంతమాత్రమే. అయినా ఒకే విధంగా కనిపించేవన్నీ ఒకటే అన్న తొందరపాటు నిర్ణయాన్ని ఆయన తనకు తానే సరిదిద్దుకొన్నాడు. వైఫల్యం ఎదురైనప్పుడు సిద్ధాంతాన్ని విడిచిపెట్టక, తాను పరీక్షిస్తున్న వస్తువునే అనుమానించాడు. సీసాలోని పురుగు రెక్కలు విప్పేవరకు వేచి ఉన్నాడు. తెలియని పేరును తెలిసినట్లు రాయలేదు. విజ్ఞానశాస్త్రానికి పునాదులైన సహనం, నిశితమైన పరిశీలన, నిజాయితీ ఆయన కృషిలో మూర్తీభవించాయి. నీటిగుంటలో కదలాడే అల్పమైన పురుగులో కూడా తెలుసుకోదగినది ఎంతో ఉంటుందని, దానిని తెలుసుకొన్న రోజున ఎందరో ప్రాణాలు నిలుస్తాయని రోనాల్డ్ రాస్ జీవితం విద్యార్థిలోకానికి చాటుతున్నది.